పరుగూ, ముప్పేట పందెమూ
(ఉగాది సభలో చేసిన ప్రసంగానికి వ్రాతప్రతి)



ఈ ఉదయం మన ఇళ్ళలో వేపపువ్వు పచ్చడి అయింది. పక్కింటి మరాఠీ సోదరుల గడప ముందు గుడి లేచింది. వారు వేపాకూ బెల్లమూ నోట వేసుకుంటారు, మనం వేపపువ్వూ బెల్లమూ వేసుకుంటాం. షోలాపూరులో ఇన్ని తరాలుగా మగ్గం నమ్ముకొని బ్రతికిన మనకు రెండూ ఇంటి రుచులే. పంచాంగ శ్రవణం ఇప్పుడే విన్నారు. విశ్వావసు వెళ్ళింది, పరాభవ వచ్చింది. సంవత్సరం పేరే పరాభవ కాబట్టి ఒక పరాభవం కథ చెప్పుకుంటే తప్పు లేదని ధైర్యం చేస్తున్నాను. ఆ పరాభవం నాదే, మరెవరిదీ కాదు.

కార్యదర్శిగారు నన్ను ఆరోగ్యాన్ని గురించి మాట్లాడమన్నారు. నేను వైద్యుణ్ణి కాను, వ్యాయామోపాధ్యాయుణ్ణీ కాను. తువాళ్ళ కార్ఖానాలో ముప్ఫై రెండేళ్ళు జమాఖర్చులు వ్రాసి విరమించినవాణ్ణి. కాని పదహారేళ్ళుగా తెల్లవారక ముందే లేచి దూరాలు పరుగెత్తడం నాకలవాటు. మొదట నన్ను చూసి పేటలోని కుక్కలు మొరిగాయి, తర్వాత మనుషులు నవ్వారు, ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు వెంట వచ్చారు. అలా వచ్చినవారిలో మా అన్నగారి అమ్మాయి ఒకతె. బ్యాంకులో ఉద్యోగం. అమ్మాయికి ఇరవై ఏడేళ్ళు. నాకంటే బాగా పరుగెత్తుతుంది, నాకంటే తక్కువ మాట్లాడుతుంది. ఈనాటి నా ప్రసంగం చాలావరకు ఆమెను గురించే. చెప్పవచ్చునా అని అడిగితే, "ఉన్నదున్నట్టు చెప్తే చెప్పు కాకా, పొగిడితే మాత్రం సభలోనుంచి లేచిపోత" అన్నది. కనుక పొగడను.

2023 చివర ఆమెకు ఒక కోరిక పుట్టింది. అప్పటికి సగం మారథాన్, అంటే 21 కిలోమీటర్ల పైచిలుకు, రెండు గంటల పది నిమిషాలలో పరుగెత్తేది. పూర్తి మారథాన్ పరుగెత్తాలి, దానితో పాటు ట్రయథ్లాన్ కూడా చెయ్యాలి అన్నది. ఈ రెండో మాట మనలో చాలామందికి కొత్త కావచ్చు. ఒకే పూటలో ముందు ఈత, ఆ తడి ఒంటితోనే సైకిలు, సైకిలు దిగిన మరుక్షణం పరుగు. గడియారం మొదటినుంచి చివరిదాకా ఆగదు. చెప్పుల్లో కాలు దూర్చుకున్న సమయం కూడా లెక్కలోకే వస్తుంది. నేను దీనికి ముప్పేట పందెం అని పేరు పెట్టుకున్నాను. పోగులతో బ్రతికిన మనకు ముప్పేట అంటే వేరే వివరించనక్కరలేదు.

దీని పుట్టుక కూడా చెప్పి ముందుకు సాగుతాను. 1974లో అమెరికాలోని శాన్ డీయేగో నగరంలో అక్కడి పరుగు సంఘంవారు మిషన్ బే అనే చోట నడిపిన పందెంతో ఇది మొదలయింది. 1978లో హవాయి దీవులలో, ఈతగాడు గట్టివాడా, పరుగువాడు గట్టివాడా, సైకిలు తొక్కేవాడు గట్టివాడా అన్న వాదన తెగక, జాన్ కాలిన్స్ అనే నౌకాదళాధికారి ఆ ఊళ్ళో ఉన్న మూడు పందేలనూ ఒకే రోజున కలిపేద్దాం, తేలిపోతుంది అన్నాడట. పదిహేనుమంది బయలుదేరారు, పన్నెండుగురు గమ్యం చేరారు. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్సులో ఇది చేరింది. అక్కడి కొలత 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. హవాయి కొలత మరీ దారుణం: ఈత 3.8, సైకిలు 180, ఆ పైన పూర్తి మారథాన్ 42.2. మన దేశంలో గోవాలో 2019లో మొదలైనది ఆ హవాయి కొలతలో సగం. ఈత 1.9, సైకిలు 90, పరుగు 21.1. మా అమ్మాయి కన్ను దాని మీద పడింది. అది అక్టోబరు ఆఖరున. ముంబయి మారథాన్ జనవరి మూడవ ఆదివారం. మధ్యలో పన్నెండు వారాలు. పన్నెండు వారాలు చాలా ఎక్కువ అనుకున్నాను. నా లెక్కలో మొదటి తప్పు అదే.

ఇక్కడ మరమగ్గాల మీద పనిచేసిన పెద్దలు చాలామంది ఉన్నారు. రెండు మగ్గాలు చూసుకునే మనిషికి మూడో మగ్గం కూడా అప్పగించి, మొదటి రెండింటి వడి మాత్రం తగ్గించకు అంటే ఏమవుతుందో మీకు తెలుసు. మనిషి తిరుగుతూనే ఉంటాడు, మగ్గాలు ఆడుతూనే ఉంటాయి, ఎక్కడో ఒక పోగు తెగుతుంది. తెగినట్టు ఎవరూ గమనించరు. పది గజాలు నేసిన తర్వాత గుడ్డలో కనపడుతుంది. నేను సరిగ్గా ఆ పనే చేశాను. ఆమె వారానికి ఐదు రోజులు, మొత్తం 55 కిలోమీటర్లు పరుగెత్తేది. దానికి ఆరు గంటలు. దానిలో నుంచి ఒక్క కిలోమీటరు కూడా తీసివేయకుండా, సైకిలుకు ఐదు గంటలు, ఈతకు రెండుంబావు గంటలు కలిపాను. మొత్తం పదమూడుంబావు గంటలు. పైన బ్యాంకు ఉద్యోగం, పైన ఇంట్లో పని. "పరుగు తగ్గిస్తే పరుగు పోతుంది" అన్నాను. నిజానికి తగ్గించడానికి నా మనసు ఒప్పలేదు. పరుగెత్తేవాళ్ళకు ఒక జబ్బు ఉంది. వారం చివర కిలోమీటర్ల అంకె చూసుకొని మురవడం. పాసుబుక్కులో నిలువ చూసుకొని మురిసినట్టు.

రెండు నెలలకు ఫలితం కనిపించింది. ఉదయం లేవగానే చూసుకునే నాడి నిమిషానికి ఎనిమిది ఎక్కువ కొట్టుకోసాగింది. రాత్రి నిద్ర పట్టదు, పగలు బ్యాంకులో కునుకు. అదే దారిలో అదే దూరం ముందుకంటే నిదానంగా పరుగెత్తుతున్నది. ఎక్కువ పని, తక్కువ రాబడి. కార్ఖానాలో ఇటువంటి పద్దు కనిపిస్తే నేనే యజమానికి చూపించేవాణ్ణి. ఇంట్లో మాత్రం నాకు కనిపించలేదు. "కాకా, నీ లెక్క తప్పింది" అని చివరకు ఆమే అన్నది.

అప్పుడు కూర్చొని పుస్తకాలు చదివాం, తెలిసినవారిని అడిగాం. తెలిసినది ఏమిటంటే, ఈ మూడింటిలో పరుగు చాలా ఖరీదైనది. పరుగెత్తేటప్పుడు అడుగు పడినప్పుడల్లా ఒంటి బరువుకు రెండింతలో మూడింతలో నేల తిరిగి కాలిమీద మోపుతుంది. నిమిషానికి 160, 170 అడుగులు. గంట పరుగుకు పదివేల దెబ్బలన్నమాట. సైకిలు మీద ఈ దెబ్బ లేదు, నీళ్ళలో అసలే లేదు. అయితే గుండెకూ ఊపిరితిత్తులకూ కావలసిన పని ఆ రెండూ కూడా చేయిస్తాయి. కనుక వారానికి ఐదు పరుగులు మూడు చేసి, మిగిలిన రెండు రోజుల దమ్మును సైకిలు మీద సంపాదించుకోవచ్చు. ఆ మూడు పరుగులకు మూడు వేరు వేరు పనులు ఉండాలి. ఒకటి నిదానంగా దూరం పోయేది. ఒకటి చిన్నదే కాని గట్టిగా పోయేది. మూడవది సైకిలు దిగిన వెంటనే ఇరవై ముప్ఫై నిమిషాలు పరుగెత్తేది.

ఈ మూడవదానిని ఆ క్రీడవారు బ్రిక్ అంటారు, అనగా ఇటుక. ఎందుకా పేరు వచ్చిందో రకరకాలుగా చెబుతారు కాని, ఒకసారి చేసి చూసినవారికి సందేహముండదు. రెండు గంటలు తొక్కి దిగి పరుగు మొదలుపెడితే కాళ్ళు మనవి కావు, ఎవరో ఇటుకలు కట్టి పంపినట్టుంటుంది. పది నిమిషాలకు గాని కాళ్ళకు తమ పని గుర్తుకు రాదు. అలవాటు చేస్తే ఆ పది నిమిషాలు ఐదవుతాయి, పూర్తిగా పోవడం మాత్రం లేదు. పెద్ద పెద్దవారికే పోదు. ఇంగ్లండు వీరుడు ఆలిస్టర్ బ్రౌన్లీ 2012 లండన్ ఒలింపిక్సులో ఈత, సైకిలు అయిన తర్వాత 10 కిలోమీటర్లు 29 నిమిషాల 7 సెకన్లలో పరుగెత్తి బంగారు పతకం గెలిచాడు. మరుసటి ఏడు ఉత్త పరుగు పందెంలో అదే దూరం 28 నిమిషాల 32 సెకన్లలో పరుగెత్తాడు. ఆయనకు తేడా అరనిమిషం పైచిలుకు. మనవంటివారికి ఎంతుంటుందో ఆలోచించుకోండి.

అలా పరుగును వారానికి 30 కిలోమీటర్లకు దించాం. పరుగు మూడుంబావు గంటలు, సైకిలు నాలుగు గంటలు, ఈత రెండుంబావు, వెరసి తొమ్మిదిన్నర. సోమవారం పూర్తి విశ్రాంతి. పొడుగు పరుగూ పొడుగు సైకిలూ పక్కపక్క రోజులలో పెట్టక, నడుమ ఈతను పెట్టాం. మొదటి మూడు వారాలు ఆమెకు కాదు, నాకే చేతులు కట్టేసినట్టు ఉండేది. నాలుగో వారానికి ఆమె ముఖంలో రక్తం కనిపించింది. పరుగు వడి తగ్గలేదు. ముప్ఫై కిలోమీటర్లతో వడి నిలవడం చూసి, అంతకు ముందు నేను మురిసిన యాభై ఐదులో సగం వృథా అని ఒప్పుకోవలసివచ్చింది.

ఈతను గురించి కొంచెం ఆగి చెప్పాలి. పరుగెత్తేవారికి అసలు పరీక్ష అక్కడే. నా చిన్నతనంలో మేము వేసవి సెలవులకు తాతగారి ఊరు పోయి నడుముకు బెండ్లు కట్టుకొని బావిలో ఈత నేర్చుకున్నాం. అదంతా తేలడానికి పనికి వచ్చే ఈత, పోవడానికి కాదు. అమ్మాయికి ఆ మాత్రం కూడా లేదు. మునిసిపల్ ఈతకొలనులో స్త్రీలకు కేటాయించిన వేళలో పోయి మొదటినుంచి నేర్చుకున్నది. పరుగులో దమ్ముంటే సగం పని అయినట్టే. నీళ్ళలో అట్లా కాదు. నీరు గాలికన్న సుమారు ఎనిమిది వందల రెట్లు చిక్కన. ఒళ్ళు వంకరగా ఉంటే ఎంత బలమైనా నీటిని తోయడానికే చెల్లు. పైగా పరుగువారి చీలమండలు బిగుసుకొని ఉంటాయి, తొడలు బరువు. కాళ్ళు కిందికి దిగిపోతాయి. గట్టిగా తన్నుకుంటే ఆయాసమే గాని ముందుకు పోవడం ఉండదు. అందువలన వారానికి ఒకరోజు రెండు గంటలు బాదుకోవడం కన్న మూడు రోజులు ముప్పావుగంట చొప్పున పోవడం మేలు. చేతికీ నీటికీ స్నేహం కుదరాలి. ఆసు పోయడం నేర్చుకున్నట్టే, రోజూ కొంచెం.

మా వదినకు ఇది బొత్తిగా నచ్చలేదు. పరుగు వరకు ఓర్చుకున్నది. ఈత బట్టల మాట వచ్చేసరికి, "ఏమయ్యా, పిల్లను నువ్వే చెడగొడ్తున్నవ్. రేపు సంబంధాలోళ్ళు అడిగితే ఏమని చెప్పాలె?" అని నన్ను నిలదీసింది. "ఈత వచ్చునని చెప్పు వదినా" అన్నాను. ఆ మాట ఆమెకు హాస్యంగా తోచలేదు. తర్వాత ఒకరోజు నాకు చెప్పకుండా కొలను దగ్గరికి పోయి, గట్టు మీద అరగంట నిలబడి, కూతురు ఈ చివరినుంచి ఆ చివరికి పోవడం చూసి వచ్చిందట. ఆ పైన ఈత మాట ఎత్తలేదు. సరే.

2024 అక్టోబరు ఆఖరున గోవా వెళ్ళాం. కొలనులో గోడ ఉంటుంది, కింద గీత ఉంటుంది. సముద్రంలో రెండూ లేవు. తల ఎత్తి దూరంగా తేలే బుడ్డిని చూసుకుంటూ పోవాలి. నాలుగు రోజులు ముందే చేరి ఉదయం పూట నీళ్ళు అలవాటు చేసుకోవడం మంచిదయింది. ఈత 52 నిమిషాలు, సైకిలు మూడు గంటల నలభై నిమిషాలు, పరుగు రెండు గంటల ముప్ఫై అయిదు, నడుమ మార్పులకు పదమూడు. వెరసి ఏడు గంటల ఇరవై నిమిషాలు. ఉత్తగా రెండు గంటల పదిలో పోయే దూరానికి అక్కడ ఇరవై అయిదు నిమిషాలు ఎక్కువ పట్టింది చూడండి. అయినా నవ్వుతూ వచ్చింది. నేను ఏడ్చాననే మాట ఆమె చెబుతుంది గాని, ఎండకు కళ్ళు నీరు కారాయి.

ఇప్పటివరకు చెప్పినది కథలో మంచి సగం.

గోవా నుంచి వచ్చాక ఒక వారం విశ్రాంతి. తర్వాత ముంబయి లెక్క నేనే వేశాను. పరుగు వారానికి 32, మరుసటి వారం 45, ఆ తర్వాత 58, ఆ తర్వాత 64. నా ధైర్యానికి కారణముంది. పది నెలల సైకిలూ ఈతా ఆమె గుండెను కొలిమితిత్తిలాగా చేశాయి. పద్దెనిమిది కిలోమీటర్లు పరుగెత్తి వచ్చి, "చెమట కూడా పడ్తలేదు కాకా" అనేది. ఆయాసం లేదు గనుక అలసట లేదనుకున్నాను. అలసట లేదు గనుక ప్రమాదం లేదనుకున్నాను. డిసెంబరు మొదటివారంలో ముంగాలి ఎముక మీద, చీలమండకు జానెడు పైన, వేలితో చూపగలిగినంత చోట నొప్పి అన్నది. "కండరం పట్టి ఉంటుంది, నువ్వులనూనె రాసి కాపడం పెట్టు" అన్నాను. పది రోజులు ఆ కాలితోనే పరుగెత్తించాను. పదకొండో రోజు బ్యాంకు మెట్లు దిగలేక పట్టుకొని నిలబడిందని కబురు వచ్చింది.

చిత్రం తీసి డాక్టరుగారు చూపించారు. ఎముకలో వెంట్రుకవంటి చీలిక. ఒక్క దెబ్బకు విరిగినది కాదు, చిన్న చిన్న దెబ్బలు పోగై చీలినది. ఆయన ఓపికగా చెప్పిన మాట మీకందరికీ చెప్పాలనే ఇవాళ నిలబడ్డాను. ఎముక రాయి కాదు, అది బ్రతికి ఉన్న వస్తువు. దాని మీద భారం పెరిగితే అది ముందు పాతదాన్ని కొంత తొలగించుకొని, తర్వాత కొత్తది కట్టుకుంటుంది. ఇల్లు మరమ్మతు చేసేవాడు ముందు పెచ్చులు రాల్చినట్టు. ఆ రాల్చిన కొత్తలో ఎముక ముందుకన్న బలహీనంగా ఉంటుంది. కొత్తది గట్టిపడడానికి నెలలు కావాలి. గుండె, ఊపిరి వారాలలో సిద్ధమవుతాయి. ఎముకా, స్నాయువులూ నెలల మీద గాని సిద్ధం కావు. సైకిలు గుండెను పెంచింది, ముంగాలి ఎముకకు మాత్రం ఏ కబురూ పంపలేదు. ఉత్త పరుగు మాత్రమే చేసేవారికి గుండె, ఎముక కొంచెం అటూ ఇటూగా కలిసే పెరుగుతాయి, దమ్ము చాలక ఆగిపోతారు, అదే కాపాడుతుంది. ముప్పేట పందెం చేసి పరుగుకు తిరిగివచ్చేవారికి ఆ కాపలా లేదు. బండికి ఇంజను మార్చి చక్రాలు పాతవే ఉంచినట్టు.

డాక్టరుగారు ఇంకో ప్రశ్న అడిగారు. నన్ను బయటికి పంపి అడిగారు. తర్వాత ఆమే నాకు చెప్పింది, సభలో చెప్పమన్నదీ ఆమే. స్త్రీలు కూర్చున్నారు గనుక సంకోచం లేకుండా చెబుతున్నాను. ఆమెకు మూడు నెలలుగా నెలసరి రాలేదు. పందేల పని ఎక్కువ గనుక అలాగే ఉంటుందేమోనని ఊరుకున్నది. అది పనివల్ల కాదు, తిండి చాలక. పనికి తగిన తిండి లేకపోతే శరీరం ముందుగా ఆ ఖర్చు ఆపుతుంది, దానితో పాటు ఎముకల బలమూ తగ్గుతుంది. ఆ అక్టోబరులో, గోవాకు రెండు మూడు వారాల ముందు, నవరాత్రి వచ్చింది. ఇక్కడి పద్ధతిన తొమ్మిది రోజులూ ఉపవాసం ఉన్నది, సాధన ఒక్కనాడూ మానలేదు. ఉపవాసం తప్పని నేననను, మా ఇంట్లో మా అమ్మ ఉన్నది, నేనూ ఉన్నాను. ఉపవాసముండేవారం ఆ తొమ్మిది రోజులూ ఒంటికి సెలవిస్తే సరిపోయేది. జమ ఆపి ఖర్చు ఆపకపోవడం ఏ చిట్టాలోనూ కుదరదు. ముప్ఫై రెండేళ్ళు జమాఖర్చులు వ్రాసినవాణ్ణి ఇది నేను చూడలేదు.

ఎనిమిది వారాలు పరుగు లేదు. ముంబయి పందానికి కట్టిన రుసుము పోయింది, రైలు టిక్కెట్టు వాపసు చేశాం. అది పెద్ద నష్టం కాదు. మా వదిన రెండు నెలలు నాతో మాట్లాడలేదు. అన్నగారు మాట్లాడాడు గాని, మాట్లాడకపోతేనే బాగుండేదనిపించేటట్టు మాట్లాడాడు. అమ్మాయి మాత్రం ఒక్క మాట అనలేదు. ఆ ఊరుకోవడమే నాకు ఎక్కువ బరువయింది. జనవరి మూడవ ఆదివారం ఉదయం ఆమె కొలనుకు పోయి గంట ఈదివచ్చింది. డాక్టరుగారు దానికి ఒప్పుకున్నారు. నేను ఆ ఉదయం పరుగుకు పోలేదు.

తర్వాత ఇద్దరం కలిసి లెక్క మళ్ళీ వేసుకున్నాం. ఈసారి కలం ఆమె చేతిలో ఉన్నది. మొదటి నిర్ణయం, ఒక సంవత్సరంలో ఇంటికి పెద్ద ఒకరే. ముప్పేట పందెం పెద్ద అయిన ఏడు పరుగు మూడు రోజులు, మారథాన్ పేరెత్తరాదు. మారథాన్ పెద్ద అయిన ఏడు పరుగు నాలుగు రోజులు, ఈత రెండు, సైకిలు ఒకటి, గోవా పేరెత్తరాదు. 2025 మారథాన్ సంవత్సరమని నిశ్చయించింది. గోవా మానుకున్నది. పరుగు కూడా, మొదట నాలుగు నిమిషాలు నడక, ఒక్క నిమిషం పరుగు. అలా మొదలుపెట్టి సెప్టెంబరుకు గాని 30 కిలోమీటర్ల వారం చేరలేదు. మూడు వారాలు కొద్దికొద్దిగా పెంచి నాలుగో వారం తగ్గించడం. ఎక్కువలో ఎక్కువ వారం 50. ఇంతకు మించి దమ్ము కావాలనిపిస్తే అక్కలకోట రోడ్డు మీద సైకిలు. ఎముక మీద వేలు పెట్టి చూపగలిగిన నొప్పి ఏదైనా వస్తే ఆ రోజే పరుగు బంద్, నూనెలూ కాపడాలూ నా సలహాలూ తర్వాత.

పెద్ద పెద్దవారి చరిత్రలూ చూశాం. అమెరికాకు చెందిన గ్వెన్ జోర్గెన్సన్ 2016 రియో ఒలింపిక్సులో ముప్పేట పందెం బంగారం గెలిచి, తర్వాత మారథాన్ వైపు తిరిగింది. 2018 షికాగో మారథాన్ రెండు గంటల 36 నిమిషాలలో ముగించింది. మరుసటి ఏడు మడమకు శస్త్రచికిత్స చేయించుకోవలసివచ్చింది, చివరకు ఆమె మళ్ళీ ముప్పేటకే వచ్చింది. ఇంగ్లండుకు చెందిన అలెక్స్ యీ 2024 పారిస్‌లో బంగారం గెలిచిన మరుసటి వసంతంలో లండన్ మారథాన్ రెండు గంటల 11 నిమిషాలలో పరుగెత్తాడు. ఆయనా ఆ కాలానికి ముప్పేటను పక్కన పెట్టి పరుగునే పెద్దగా పెట్టుకున్నాడు. ఒలింపిక్ విజేతలే ఒక పీట మీద ఇద్దరిని కూర్చోబెట్టకపోతే, బ్యాంకుకు పోయి వచ్చి, సాయంత్రం రొట్టెలు చేసే పిల్లచేత కూర్చోబెట్టించబోయాను నేను.

తిండి లెక్క మా వదిన తీసుకున్నది. రెండు నెలల మౌనం ముగిసిన తర్వాత ఆమె అన్న మొదటి మాట, "పరుగు సంగతి నీకు తెలుసు కావచ్చు, తిండి సంగతి నాకు తెలుసు." పొద్దున పరుగుకు ముందే ఒక అరటిపండు, వచ్చిన వెంటనే పాలూ అటుకులూ. మధ్యాహ్నం జొన్నరొట్టె, పప్పు, పల్లీల చట్నీ. ఇదివరకు రెండు తినే చోట మూడు. గంటన్నర దాటే సాధనలో దారిపొడుగునా గంటకు ముప్ఫై నుంచి అరవై గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలంటారు. ఒక అరటిపండులో పాతిక గ్రాములుంటుంది. మా వదిన బెల్లం, నువ్వులు కలిపి చిన్న చిన్న ఉండలు చేసి కాగితాల్లో చుట్టి ఇచ్చేది. నీళ్ళలో నిమ్మరసం, ఉప్పు, పంచదార. దాహం లేకపోయినా కడుపు నిండా నీళ్ళు తాగడమూ మంచిది కాదు, రక్తంలో ఉప్పు పలుచనవుతుంది. నాలుగు నెలలకు ఆమె నెలసరి దారిన పడింది.

మన జిల్లాలోనే పండరిపురం ఉన్నది. ఏటా ఆషాఢంలో ఆళంది నుంచి వార్కరీలు రెండు వందల యాభై కిలోమీటర్లు నడిచివస్తారు. డెబ్బై ఏళ్ళ ముసలమ్మలు నెత్తిన తులసికోటతో వస్తారు. సుమారు మూడు వారాలు. ఈ రోజింత, ఈ ఊళ్ళో బస, ఇక్కడ భోజనం, అని లెక్క ఉన్నది. నెత్తిన తులసికోట ఉన్నా వారు ఆ లెక్క మీద ఒక మజిలీ ఎక్కువ వేసుకోరు. నేను చిన్నప్పటినుంచీ ఆ దిండీలను చూస్తూనే ఉన్నాను.

ఈ జనవరి 18న అమ్మాయి ముంబయిలో పూర్తి మారథాన్ పరుగెత్తింది. నాలుగు గంటల 52 నిమిషాలు. గొప్ప కాలం కాదు. చివరి భాగంలో వచ్చే పెడ్డర్ రోడ్డు ఎక్కుడు దగ్గర కొంత నడిచిందట. సాయంత్రం రైల్లో వచ్చేటప్పుడు మా వదిన ఆమె ముంగాలి ఎముక వెంట బొటనవేలితో ఒత్తుకుంటూ పోయి, "ఇక్కడ నొస్తున్నదా? ఇక్కడ?" అని నాలుగైదుసార్లు అడిగింది. లేదన్నది. కుర్డువాడి దాటాక గాని చెయ్యి తీయలేదు.

ఈ ఏడు ముప్పేటది. గోవా అక్టోబరులోనో నవంబరులోనో. మారథాన్ అలసట తీరేదాకా రెండు వారాలు ఊరికే నడిచింది, ఇప్పుడు పరుగు వారానికి మూడుసార్లే. మొన్న ఒక పిల్లవాడు వచ్చి, "నేను వారానికి డెబ్బై కిలోమీటర్లు పరుగెత్తుత, ట్రయథ్లాన్ కూడ చేస్త, ఏమేమి కలపాలె?" అని నన్నడిగాడు. ఏమేమి తీసివేస్తావు అని అడిగాను. వాడికి కోపం వచ్చినట్టుంది, మళ్ళీ రాలేదు. ఈ సభలో ఉంటే నా మాట మరొకసారి వినమని కోరుతున్నాను. వేసవి వస్తున్నది, మన ఊరి వేసవి సంగతి మీకు తెలుసు. సూర్యోదయానికి ముందే పని ముగించుకోండి. సైకిలు వెనుక ఎర్రదీపం లేకుండా హైదరాబాదు రోడ్డు ఎక్కకండి. మునిసిపల్ కొలనులో స్త్రీలకు వేరే వేళ ఉన్నది. ఈత నేర్చుకోవాలనుకునే ఆడపిల్లలుంటే మా వదినను అడగండి. ఆమె ఇప్పుడు వారానికి మూడు రోజులు గట్టు మీదనే ఉంటున్నది, నలుగురు పిల్లల చెప్పులూ సంచులూ ఆమె దగ్గరనే ఉంటాయి.

 పులిహోర చల్లారుతున్నదని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు.